‘ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు’: ఒక వాక్యం మీద విమర్శ

తెలుగు వెబ్ పత్రికలకి కథో కవితో పంపినవాళ్లకి ఒక హామీ వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. ఈ రచన నా సొంతం, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, ప్రస్తుతం మరెక్కడా పరిశీలనలో లేదు. మెయిల్ చివర అతికించి పంపించేస్తాం. దాన్ని శ్రద్ధగా చదివేవాళ్లు లేరు, రాసినవాళ్లతో సహా. సాహిత్య విమర్శ అంటే ఎప్పుడూ కథలూ కవితలేనా, ఇలాంటి వాక్యాల్ని కూడా ఒకసారి కుదురుగా చదివితే ఏమవుతుంది అన్నది ఈ వ్యాసం. అయితే నేను చదవబోయేది మన పత్రికల వాక్యాన్ని కాదు, సైన్సు జర్నళ్లలో ఉండే దాని అక్కని. అక్కడ ఆ వాక్యం మీద అరవై ఏళ్లుగా తగువు నడుస్తోంది, మనుషుల ఉద్యోగాలూ పేరుప్రతిష్ఠలూ దానికి ముడిపడి ఉన్నాయి.

ముందు సంగతేంటో చెప్తాను. పరిశోధకులు తమ పేపర్ని జర్నల్‌కి పంపకముందో, పంపినరోజో, అందరూ ఉచితంగా చదువుకునేలా ఒక సర్వర్‌లో పెట్టేస్తారు. దాన్ని ప్రీప్రింట్ అంటారు. పెట్టిన రోజు తేదీ పడుతుంది, వెర్షన్ నంబర్ పడుతుంది. దిద్దుకుంటే రెండో వెర్షన్ వస్తుంది, మొదటిది మాత్రం పోదు. తర్వాత అదే పేపర్ జర్నల్‌కి వెళ్తుంది, అక్కడ ఇద్దరో ముగ్గురో నిపుణులు చదివి తప్పులు పడతారు, నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఈలోగా ప్రీప్రింట్‌ని జనం చదువుతూనే ఉంటారు, దాని మీద ఆధారపడి ఇంకో పేపర్ రాసేస్తూ కూడా ఉంటారు.

ఇప్పుడు జర్నల్ ఫారం నింపుతున్న పరిశోధకురాలిని ఊహించుకోండి. ‘ఈ పని ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు’ అన్న వాక్యం పక్కన ఒక గడి ఉంటుంది. టిక్ పెట్టాలా వద్దా? ఇంటర్నెట్ ఉన్న ప్రతివాళ్లూ చదవగలిగేది ‘ప్రచురితం కాలేదు’ అనడం ఎలా? పోనీ ‘అయింది’ అందామంటే, అది జర్నల్‌లో వచ్చినట్టు కాదు కదా! టిక్ పెడితే అబద్ధంలా ఉంటుంది, పెట్టకపోతే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఈ ఇరకాటానికి కారణం ఆమె నిజాయితీలో లోపం కాదు. వాక్యమే అలా కట్టారు.

ఎందుకలా కట్టారో తెలియాలంటే 1960లకి వెళ్లాలి. 1961లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఒక రంగంలో పనిచేసేవాళ్లందరినీ ఒక బృందం చేసి, ఎవరేం రాసినా కాపీలు తీసి పోస్టులో అందరికీ పంపేది. వాటి పేరు ఇన్‌ఫర్మేషన్ ఎక్స్ఛేంజ్ గ్రూపులు. 3,600 మందికి పైగా చేరారు, 2,500కి పైగా పత్రాలు తిరిగాయి. ప్రీప్రింట్ సర్వర్ లాంటిదే, సర్వర్ బదులు తపాలా సంచీ. 1966లో జీవరసాయన పత్రికల ఎడిటర్లు కొందరు కూడబలుక్కుని, ఆ గ్రూపుల్లో తిరిగిన పేపర్లని మేం తీసుకోం అన్నారు. మరుసటి ఏడాదికల్లా ప్రయోగం మూతపడింది.

1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఎడిటర్ ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ ఇదే మాటని సంపాదకీయంగా రాశాడు. పేపర్‌లోని సారం మరో పత్రికకి పంపి ఉన్నా, మరోచోట వెలువడి ఉన్నా మేం పరిశీలించం అని. సమావేశాల్లో చదివే ప్రసంగాలకి మినహాయింపు ఉంది. తర్వాత దానికి ఇంగెల్‌ఫింగర్ నియమం అనే పేరు స్థిరపడింది. ఆయన అప్పుడు కాపాడదలచుకున్నది ప్రధానంగా తన పత్రిక తాజాదనాన్ని. ఆయన తర్వాత ఎడిటరైన ఆర్నాల్డ్ రెల్మన్ 1981లో ఇంకో కారణాన్ని ముందుకు తెచ్చాడు. నిపుణులు పరీక్షించకముందే వైద్య పరిశోధన జనంలోకి పోతే ప్రమాదం అన్నాడు. రెండు కారణాలూ ఒకటి కావు. మొదటిది అంగడివాడి కారణం, రెండోది డాక్టరుగారి కారణం. కానీ ఫారంలో పడ్డ వాక్యం మాత్రం ఒకటే, కాబట్టి చదివేవాళ్లకి అది దేన్ని కాపాడుతోందో తెలిసే దారి లేకుండా పోయింది. ఒక వాక్యం తన ఉద్దేశాన్ని దాచుకుంటే పాఠకుడు భయంతో చదువుతాడు. ఇన్నాళ్లూ జరిగింది అదే.

భౌతికశాస్త్రం వాళ్లది వేరే కథ. వాళ్లు అంతకుముందు నుంచే ప్రీప్రింట్లని పోస్టులో ఒకరికొకరు పంపుకునేవాళ్లు. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఆ అలవాటుకి ఒక కంప్యూటర్ జోడించాడు. అదే ఇవాళ్టి ఆర్కైవ్. 2002 నవంబరు నుంచి 2003 జూలై మధ్య గ్రిగరీ పెరెల్మాన్ పాంకరే ప్రతిపాదనకి రుజువుని మూడు పేపర్లుగా అక్కడే పెట్టాడు. ఏ జర్నల్‌కీ పంపలేదు. వేరే గణితవేత్తలు ఏళ్ల తరబడి కూర్చుని ప్రతి మెట్టూ సరిచూశారు. 2006లో ఫీల్డ్స్ మెడల్ ఇస్తే వద్దన్నాడు, 2010లో పది లక్షల డాలర్ల క్లే బహుమతి ఇస్తే అదీ వద్దన్నాడు. ఆయన చేసినట్టు అందరూ చేయాలని నా వాదన కాదు. జర్నల్ ముద్ర లేకుండా కూడా ఒక రచన ‘ప్రచురితం’ కావచ్చని, దాన్ని జనం పరీక్షించవచ్చని ఆ ఉదాహరణ తేల్చేసింది. ‘ఇంతకుముందు ఎక్కడా’ అన్న మాట అప్పటికే చెల్లని నోటు.

జీవశాస్త్రానికి 2013లో బయోఆర్కైవ్, వైద్యానికి 2019లో మెడ్ఆర్కైవ్ వచ్చాయి. జర్నళ్లు కూడా మెల్లగా మెట్టు దిగాయి. ఇవాళ చాలా పెద్ద పత్రికలు ప్రీప్రింట్‌ని నిషేధించవు, చెప్పమంటాయి. నేచర్ కుటుంబం పత్రికలు, పేపర్ పంపేటప్పుడే ప్రీప్రింట్ వివరాలు, దాని డీఓఐ నంబరు, ఏ లైసెన్సు కింద పెట్టారో కూడా తెలపమంటాయి. వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ సంఘం ఐసీఎంజేఈ తన సూచనల్లో ఇంకో అడుగు ముందుకేసింది. ప్రీప్రింట్ ఉంటే ఎడిటర్‌కి చెప్పాలి, లింకు ఇవ్వాలి, పేపర్ జర్నల్‌లో వచ్చాక ఆ ప్రీప్రింట్ పేజీ నుంచి కొత్త రూపానికి దారి చూపించే బాధ్యత కూడా రచయితలదే అంది.

లైసెన్సు ఎందుకు అడుగుతారు అనుకునేవాళ్లకి ఒక మాట. ప్రీప్రింట్‌ని ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు కింద ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేం. తర్వాత జర్నల్ వాళ్లు మొత్తం హక్కులు మాకు రాసివ్వండి అంటే, ఇచ్చేసిన వస్తువుని మళ్లీ అమ్మడం లాంటిది అవుతుంది. అలాగే చాలా జర్నళ్లు రాగానే ప్రతి పేపర్నీ పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌లో వేస్తాయి. ఆ ప్రోగ్రాముకి వాక్యాలు కలిశాయా లేదా అన్నది తెలుస్తుంది కానీ, అది దొంగతనమా, సొంత పాత రూపమా అన్నది తెలీదు. ముందే చెప్పిన రచయిత విషయంలో ఎడిటర్ ఒక్క చూపుతో తేల్చేస్తాడు. చెప్పని రచయిత మీద అనుమానంతో మొదలుపెడతాడు. అంటే, చెప్పడం అందరికంటే ముందు చెప్పినవాళ్లకే రక్ష.

ఇంతవరకూ బాగుంది. నా అభ్యంతరం ఇక్కడి నుంచి మొదలు.

ఐసీఎంజేఈ చెప్పిన మూడు పనుల్లో మొదటి రెండూ ఎడిటర్ కోసం. చెప్పు, లింకివ్వు. ఇవి కవర్ లెటర్‌లోకి పోతాయి. కవర్ లెటర్ ఒక వింత సాహిత్య ప్రక్రియ. ఎంతో జాగ్రత్తగా రాస్తారు, ఒకే ఒక్క మనిషి చదువుతాడు, పేపర్ అచ్చయ్యాక దాన్ని ఎవరూ చూడలేరు. మూడో పని ఒక్కటే పాఠకుడి కోసం. కానీ మొదటి రెండూ చేయకపోతే పేపర్ ఆగిపోవచ్చు. మూడోది చేయకపోతే? అప్పటికే పేపర్ వచ్చేసింది, అభినందనలు అయిపోయాయి, అడిగేవాళ్లెవరు? బయోఆర్కైవ్‌లో ఆ లింకుని వెతికి కలిపే ఏర్పాటు ఉంది, కానీ అది పేర్లూ శీర్షికా పోల్చి పని చేస్తుంది. శీర్షిక బాగా మారితే దాని కన్నుగప్పడం తేలిక. ఆర్కైవ్‌లో జర్నల్ వివరాలు వేసే గడి ఉంది, మామూలుగా దాన్ని రచయితే వచ్చి నింపాలి. ఇలాంటి గడులు ఎలా ఖాళీగా మిగిలిపోతాయో ఏ ఆఫీసులో పనిచేసేవాళ్లకైనా తెలుసు. కోడ్ మార్చినవాడు పక్కనున్న డాక్యుమెంటు కూడా మార్చాడా అని అడిగితే మా టీములో ఎప్పుడూ నిశ్శబ్దమే.

దీనివల్ల పోయేదేమిటో చూద్దాం. ఒక మందు పనిచేస్తోందా లేదా అని తేల్చడానికి, వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి లెక్కవేస్తారు. ప్రీప్రింట్‌కీ జర్నల్ పేపర్‌కీ మధ్య శీర్షిక మారి, ఇద్దరు రచయితలు చేరి, లింకు లేకపోతే, ఒకే అధ్యయనం రెండుగా కనిపించే ప్రమాదం ఉంది. ఒకే సాక్షి రెండు పేర్లతో కోర్టుకొచ్చినట్టు. ఇంకొకటి. నిపుణులు అడిగిన ప్రశ్నల వల్ల చాలాసార్లు పేపర్ మారుతుంది. ‘నయం చేస్తుంది’ అన్నది ‘కొందరిలో ఉపశమనం కనిపించింది’ అవుతుంది. ఆ తగ్గింపే విలువైన సమాచారం. మొదటి రూపం చదివి వెళ్లిపోయినవాళ్లకి అది చేరదు, రెండోది చదివేవాళ్లకి అలాంటిది జరిగిందనే తెలీదు.

2020 జనవరి 31న బయోఆర్కైవ్‌లో ఢిల్లీ పరిశోధకులు ఒక ప్రీప్రింట్ పెట్టారు. కొత్త కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్‌లో హెచ్ఐవీతో పోలికలున్న ముక్కలు ఉన్నాయని దాని సారం. ప్రపంచం నలుమూలల నుంచీ శాస్త్రవేత్తలు తప్పులు ఎత్తిచూపారు, రెండు రోజుల్లో రచయితలే వెనక్కి తీసుకున్నారు. పేపర్ మాయం కాలేదు. ఇప్పటికీ ఆ పేజీ ఉంది, ఉపసంహరించుకున్నాం అన్న ముద్రతో. ఆ ఉదంతాన్ని ప్రీప్రింట్ల మీద దాడికి చాలామంది వాడుకున్నారు. నాకు మాత్రం అందులో రెండు విషయాలు కనిపిస్తాయి. వదంతి ఫోన్లలో ఆ తర్వాత కూడా తిరిగింది, నిజమే. కానీ మూలానికి వెళ్లి చూసినవాళ్లకి పేజీ నిజం చెప్పింది. నష్టం చేసింది పాత రూపం ఉండటం కాదు. పాత రూపం తన చరిత్ర నుంచి విడిపోయి తిరగడం.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, గట్టిదే. చాలా సదస్సుల్లో రచయిత ఎవరో రివ్యూయర్‌కి తెలియకూడదు. పెద్ద కంపెనీ పేరో పెద్ద యూనివర్సిటీ పేరో చూసి మార్కులు వేయకుండా, పేరులేని కాలేజీ కుర్రాడికి కూడా న్యాయం జరగాలని. ప్రీప్రింట్ ఉందని చెప్పేస్తే ఆ ముసుగు పోదా? నేను రోజూ వాడే భాషా సాంకేతికతల రంగంలో ఈ సమస్య నిలువెత్తున ఉంది. బెర్ట్ మోడల్ పేపర్ 2018 అక్టోబరులో ఆర్కైవ్‌కి వచ్చింది, 2019 జూన్‌లో నాకెల్ సదస్సులో ఉత్తమ పేపర్ బహుమతి తీసుకుంది. మధ్యలో ఆ ఎనిమిది నెలలూ దాన్ని ఎవరు రాశారో తెలియనివాళ్లు మా రంగంలో ఎక్కడున్నారు? ఆ సదస్సులు నడిపే సంఘం ఏసీఎల్, గడువుకి నెల ముందు నుంచి ప్రీప్రింట్ పెట్టకూడదని కొన్నేళ్లు నియమం పెట్టి చూసింది. 2024 ఆరంభంలో ఆ నియమాన్ని తీసేసింది.

ఈ వాదనకి నా జవాబు: చెప్పడానికి రెండు వేళలున్నాయి, ఇద్దరు శ్రోతలున్నారు. పరిశీలన జరుగుతున్నప్పుడు ఎడిటర్‌కి చెప్తే చాలు, రివ్యూయర్ వెతక్కుండా ఉండటం రివ్యూయర్ ధర్మం. పరిశీలన అయిపోయాక ఆ రహస్యానికి పనిలేదు. అప్పుడు పాఠకుడికి చెప్పాలి, పేపర్ మొదటి పేజీ మీదే చెప్పాలి. ఇప్పటి ఏర్పాటులో లోపం చెప్పమనడం కాదు, మొదటి శ్రోత దగ్గరే ఆగిపోవడం.

ఇంకో భయం కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తన ఆలోచనని ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని ప్రీప్రింట్ పెట్టేది చాలాసార్లు చిన్నవాళ్లే. పెద్ద ల్యాబ్ వెనక లేని విద్యార్థికి ఆ తేదీ ముద్ర ఒక్కటే సాక్ష్యం. అలాంటివాళ్లకి ‘ఇంతకుముందు ప్రచురించారా?’ అనే గడి చూస్తే ఒళ్లు చల్లబడుతుంది. ఔనంటే తిప్పి పంపేస్తారేమో అని మాట మింగేస్తారు. తర్వాత సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది, అప్పుడు మింగిన మాటే నేరమవుతుంది. పెద్దవాళ్లకి ఆ భయం లేదు, వాళ్లకి ఫోన్ చేసి కనుక్కునే ఎడిటర్లున్నారు. అస్పష్టంగా రాసిన నియమం ఎప్పుడూ ఇలాగే, తెలిసినవాళ్లకి వెసులుబాటు, తెలియనివాళ్లకి ఉచ్చు.

ఇదంతా సైన్సు గొడవ, మనకెందుకు అంటారా? కన్యాశుల్కం గుర్తుచేసుకోండి. 1892లో ప్రదర్శించారు, 1897లో ఐదంకాల నాటకంగా అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని ఏడంకాలుగా తిరగరాశారు. మనం చదివేదీ, చూసేదీ, డైలాగులు చెప్పుకునేదీ రెండోదాన్నే. రెండోది ‘రెండో కూర్పు’ అనే పేరుతోనే వచ్చింది కాబట్టి మొదటిది ఒకటుందని లోకానికి తెలుసు. తెలుసు కాబట్టే దశాబ్దాల తర్వాత బంగోరె లాంటి పరిశోధకుడు ఆ మొట్టమొదటి కన్యాశుల్కాన్ని వెతికి బయటకు తెచ్చాడు. అప్పుడు కదా మధురవాణి ఎంత పెరిగిందో, ఆ పన్నెండేళ్లలో గురజాడ ఎంత దూరం నడిచాడో పక్కపక్కన పెట్టి చూడగలిగాం! మొదటి కూర్పు ఉండటం వల్ల రెండోదాని విలువ తగ్గలేదు. ఎలా తయారైందో తెలిసింది, అంతే.

మన కథాసంపుటాల్లో ఒక మంచి అలవాటు కూడా ఉంది. కథ అయిపోయాక కింద చిన్న అక్షరాల్లో పత్రిక పేరు, నెల, సంవత్సరం వేస్తారు. ఎవరూ దాన్ని ఒప్పుకోలుగా చదవరు. కథ వయసు చెప్పే గుర్తుగా చదువుతాం. 1990ల కథలో సెల్‌ఫోన్ ఎందుకు లేదో ఆ ఒక్క వరసే చెప్తుంది. అదే మనం వెబ్ పత్రికకి పంపేటప్పుడు, ఫేస్‌బుక్‌లో పెట్టిన మొదటి చిత్తుని డిలీట్ చేసేసి ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అని అతికిస్తాం. అలా చెరిపేసిన చిత్తుల్లో ఎన్ని మొదటి కూర్పులు పోయాయో తర్వాతి తరం బంగోరెకి ఏ సర్వర్‌లోనూ దొరకదు. సంపుటంలో గౌరవమైనది ఫారంలో దోషం ఎలా అయింది? అడిగిన తీరు వల్ల.

అందుకే నాకు మార్చాలనిపించేది ఆ ప్రశ్ననే. ‘ఇంతకుముందు ఎక్కడైనా ప్రచురించారా?’ అన్నది పోలీసు ప్రశ్న, ఔను-కాదుల్లో జవాబు అడుగుతుంది. దాని బదులు ‘దీని ముందటి రూపాలు ఎక్కడున్నాయి, వాటికీ దీనికీ తేడా ఏంటి?’ అని అడగొచ్చు. అందులో ప్రీప్రింట్ లింకు, తేదీ, మారిన శీర్షిక, చేరిన లేదా తప్పుకున్న రచయితల పేర్లు, మారిన ముగింపు, అన్నీ ఇమిడిపోతాయి. ఒకే పేపర్ని రెండు జర్నళ్లకి పంపి ఇద్దరినీ మోసం చేసేవాడు ఆ ప్రశ్నకీ అబద్ధమే చెప్తాడు, వాడి సంగతి వేరు. కానీ నిజం చెప్పాలనుకునేవాళ్లకి నిజం చెప్పే చోటు దొరుకుతుంది. ఆ జవాబుని కవర్ లెటర్‌లో పాతిపెట్టకుండా పేపర్‌తో పాటు అచ్చువేస్తే సరి.

‘అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్’ పేపర్ ఆర్కైవ్ పేజీ తెరిచి చూడండి. ఇవాళ్టి కృత్రిమ మేధ మోడళ్లకి మూలమైన ఆ పేపర్ 2017 జూన్‌లో వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో సదస్సులో చదివారు. ఆ పేజీలో ఏడు వెర్షన్లున్నాయి, చివరిది 2023 ఆగస్టుది. ఏడింటికీ తేదీలున్నాయి, ఏది కావాలంటే అది చదువుకోవచ్చు. ఆ జాబితా చూసి ఇది ‘పాత సరుకు’ అని ఎవరూ మొహం తిప్పుకోలేదు.